కొనే లీటరు, అమ్మే లీటరు

అమ్మ సంవత్సరీకానికి భోపాలపట్నంలో మా పుట్టింటికి వెళ్ళాను. భోజనాల దగ్గర మా తమ్ముడు శ్రీను అందరికీ నెయ్యి వడ్డిస్తూ, ఏ మాటకు ఏ మాట కలిసిందో ఏమో, తను పసివాడిగా ఉన్నప్పుడు చావు దాకా వెళ్ళి తిరిగొచ్చిన కథ ఎత్తుకున్నాడు. వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒళ్ళంతా వడలిపోతే తాత తన చేత్తో మందు నీళ్ళు కలిపి, పక్కనే కూర్చుని చెంచాతో పట్టించి బతికించాడట. చెబుతూ చెబుతూ గోడ మీది తాత ఫోటో వైపు తిరిగి దండం కూడా పెట్టాడు. తింటున్నవాళ్ళు తలలూపారు. ఒకాయన, ఆ కాలం మనుషులే వేరు అన్నాడు. అమ్మ సంవత్సరీకం నాడు, అమ్మ పేరు మీద వండిన అన్నం వడ్డిస్తూ, అమ్మ చేసిన పనిని తాత పేరు మీద రాసేశాడు. చచ్చినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదంటారు గానీ, నాకు వచ్చింది కోపం కూడా కాదు, అసహ్యం.

అప్పటికే పొద్దున్నుంచీ నా మనసు చిరాగ్గా ఉంది. శ్రీను కూతురు మేఘన పదకొండో తరగతి. నేను జగదల్పూర్‌లో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని కదా, స్నానం చేసి వచ్చేసరికి ఆ పిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంది. గుండ్రటి ట్యాంకులో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయో కనుక్కోవాలి. సూత్రం పొల్లు పోకుండా రాసింది. వ్యాసార్థం వేయాల్సిన చోట వ్యాసం వేసింది. అడ్డుకొలత సెంటీమీటర్లలో, ఎత్తు మీటర్లలో ఉంటే రెండింటినీ అట్లాగే గుణించేసింది. వచ్చిన జవాబు చూస్తే ఆ ట్యాంకులో ఇంద్రావతి నదంతా పట్టేటట్టుంది. కింద యూనిట్ కూడా లేదు. ఇదేమిటే అని అడిగితే, "యూనిట్ రాయకుంటే అర మార్కే పోతది అత్తా. సూత్రానికి మార్కులు పడతయి గద" అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

అర మార్కట! ఇట్లా నేర్పే బళ్ళనూ, ఇట్లా మార్కులేసే మాస్టర్లనూ చూసి చూసి నాకు విసుగు పుట్టింది. సూత్రం పిండిగిర్నీ లాంటిది. జొన్నలు పోసినా రాళ్ళు పోసినా కాదనదు, తిప్పి కింద పోస్తుంది. ఏం పోస్తున్నావో చూసుకోవాల్సింది నువ్వు. ఏ అంకె, ఏ కొలతలో, ఆ కొలత నిజమైనదేనా అని అడగని లెక్క లెక్క కాదు. ఈ మాట పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు పెరిగేది. మేడం ఇంత చిన్న విషయానికి ఎందుకు మండిపడుతుందో అని వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఎందుకో వాళ్ళకెప్పుడూ చెప్పలేదు.

మా ఇల్లు అంటే ముందు దుకాణం, వెనక ఇల్లు. రెంటికీ మధ్య ఒక గోనెపట్టా తెర. తెర ఇవతల ఏం వండినా అవతలి వాసనే వచ్చేది. కొత్త చింతపండు పులుపు, దీపాల్లో పోసే గ్యాసునూనె, ఎండు చేపలు, వాటన్నింటి మీదా ఇప్పపువ్వు. ఇప్పపువ్వు వాసన అడవిలో బాగుంటుందని పుస్తకాలలో రాస్తారు. బస్తాల్లో కుక్కి, వానకు తడిసి, తీపిగా మురిగిన ఇప్పపువ్వు వాసనలో పడుకుని లేచినవాళ్ళు రాయరు. ఇప్పటికీ ఆ వాసన తగిలితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. తాత మాత్రం పొద్దున్నే దుకాణం తెరిచి, గుండెల నిండా ఆ గాలి పీల్చి, లక్ష్మి వాసన అనేవాడు. నీళ్ళు చల్లించి, అగరొత్తి ముట్టించి, తరాజుకూ, కొలపాత్రలకూ వరసగా బొట్లు పెట్టి కళ్ళకద్దుకునేవాడు. ఆ పాత్రలకు అన్ని బొట్లు ఎందుకు పెట్టేవాడో నాకు ఇప్పుడు తెలుసు.

ఆ కొలపాత్రలలో లీటర్లు రెండు. ఒకటి కొనే లీటరు, ఒకటి అమ్మే లీటరు. ఇంట్లో వాటి పేర్లే అవి, మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పేర్లు. అడవి ఊళ్ళ నుంచి దొర్ల తెగవాళ్ళు తేనె, ఇప్పనూనె తెస్తే కొనే లీటరు తీసేవాళ్ళు. దాని అడుగును బయటికి పొంగేటట్టు సుత్తితో కొట్టించారు. అందులో ఎంత పోసినా ఇంకా పట్టేది. అదే మనిషి తిరిగి పల్లి నూనెకో, గ్యాసునూనెకో సీసా చాపితే అమ్మే లీటరు తీసేవాళ్ళు. దాని అడుగు లోపలికి ఎత్తి ఉండేది. పై నుంచి చూస్తే నూనె కింద ఆ ఎత్తు కనబడదు. రెండింటి పక్కనా సర్కారు ముద్ర మాత్రం నిగనిగలాడుతూ ఉండేది. ముద్ర పడ్డాకే కదా అడుగులు మార్చింది. మా వాకిట్లో కొలపాత్రలకు కొదవ లేదు, నిజమైన లీటరు మాత్రం ఒక్కటీ లేదు. ఇది దాచుకోవాల్సిన రహస్యమని కూడా మాకెవరూ చెప్పలేదు. వ్యాపారం అంటే ఇదేనని, చీర కట్టడం నేర్పినంత మామూలుగా నేర్పారు.

నాకు లెక్కలు నేర్పింది పెదనాన్న. ఇంట్లో ఆయన ఒక్కడే మెట్రిక్ చదివాడు. ఇస్త్రీ ధోవతి, జేబులో ముక్కుపొడి డబ్బా, చేతిలో చింత బరికె. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక నన్ను గల్లా పక్కన కూర్చోబెట్టి పలక మీద లెక్కలు వేయించేవాడు. జవాబు సరిగ్గా వచ్చినా పక్కన యూనిట్ రాయకపోతే బరికె చేతి మీద పడేది. "పదిహేను ఏందే? మేకలా, మామిడికాయలా?" అనేవాడు. గజం ఏది, అడుగు ఏది, శేరు ఏది, కిలో ఏది అని అడిగి అడిగి ప్రాణం తీసేవాడు. ఒక చేత్తో నాకిది నేర్పుతూ, రెండో చేత్తో ఎవరో ముసలమ్మ సీసాలో అమ్మే లీటరు వంచుతూ ఉండేవాడు. అట్లా రెండు చేతులూ ఒకే మనిషికి ఎట్లా ఉంటాయో నాకిప్పటికీ అర్థం కాదు.

ఒక వానాకాలం శ్రీనుకు విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి అప్పటికి ఇంకా అడుగులు రాలేదు. నాన్న సరుకు కోసం వరంగల్ వెళ్ళి ఉన్నాడు, వాగులు పొంగి ఇప్పట్లో వచ్చే దారి లేదు. దవాఖానా నర్సు కాగితం పొట్లాలు ఇచ్చి, ఒక పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టమంది. అదే మందు, ఇంకేం అక్కర్లేదని చెప్పింది. పొట్లాలు పెదనాన్న చేతికి వెళ్ళాయి, చదువుకున్నవాడు కాబట్టి. ఆయన నన్ను పిలిచి, ఇది కూడా ఒక పాఠమే అన్నట్టు పలక మీద రాశాడు. మందు బలం అంటే పొడిని నీళ్ళతో భాగిస్తే వచ్చేది. "పొట్లం ఒకటి, లీటరు ఒకటి. ఒకటి బై ఒకటి. అంతే" అన్నాడు. కొనే లీటరుకు తేనె అంటుకుని ఈగలు ముసురుతున్నాయని దాన్ని పక్కన పెట్టి, అమ్మే లీటరును బూడిదతో తోమించి కాచిన నీళ్ళు దాంతోనే కొలిచాడు.

కింద వేసిన ఆ ఒకటి ఒకటి కాదని ఆయనకు తెలియదా? తెలుసు. ఆ పాత్ర అడుగును కొట్టించుకొచ్చిందే ఆయన. మరిచిపోయాడని తరవాత చాలామంది నాకు సర్దిచెప్పబోయారు. ఏళ్ళ తరబడి లీటరు లీటరు అని గిరాకీకి చెప్పీ చెప్పీ, చివరికి వాళ్ళ నోటికే అది లీటరైపోయింది, అంతకంటే నేనేం అనను. సూత్రం ఎంత సరిగ్గా ఉందో చూడండి! భాగించే చోట ఉన్న నీళ్ళు తగ్గితే మందు బలం పెరుగుతుంది. బలం అంటే ఉప్పు. గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడి గొంతులో, కుటుంబమంతా కూర్చుని, మా వ్యాపారం ఉప్పును చెంచా చెంచాగా పోశాం.

రెండు రోజులకు విరేచనాలు తగ్గుముఖం పట్టాయి గానీ పిల్లవాడు బాగుపడలేదు. ఎన్ని నీళ్ళిచ్చినా నాలుక బయట పెట్టి ఇంకా కావాలని గింజుకునేవాడు. ఒళ్ళు కాలిపోయేది. ఏడుపు ఆగేది కాదు, ఆగితే మరీ భయం వేసేది. దాహంగా ఉన్నట్టుంది కదా అని మళ్ళీ అవే మందు నీళ్ళు పట్టేవాళ్ళం. అమ్మ వాణ్ణి చంకలో నుంచి దింపలేదు. ఒక మధ్యాహ్నం అమ్మే నన్ను దవాఖానాకు పరిగెత్తించింది. ఆ రోజు అంగడి. ఊరి నడుమ సంతా, మా దుకాణం నిండా జనం. నర్సు ఆ జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది.

ఆమె రాయపూర్ వైపు మనిషి, హిందీ తప్ప రాదు. పిల్లవాడి పొట్ట చర్మం పట్టుకుని చూసింది, కళ్ళు చూసింది, నోట్లో వేలు పెట్టి చూసింది. విరేచనాలు తగ్గాక ఇంత దాహం ఉండకూడదు, నీళ్ళు ఎట్లా కలిపారని అడిగింది. పెదనాన్న పొట్లం, లీటరు, ఒకటి బై ఒకటి అని పాఠం అప్పజెప్పాడు. ఏ లీటరుతో కొలిచారో చూపించమంది. తాత గల్లా మీద నుంచి లేవకుండానే పాత్రను పక్కనుంచి ఎత్తి, ముద్ర ఉన్న వైపు ఆమెకు తిప్పి చూపించాడు. "పూరా లీటర్ హై, సిస్టర్" అన్నాడు. నర్సు ముద్ర చూసి నమ్మింది. అయితే కలపడంలో తప్పు లేదు, ఇది ఇంకేదో రోగం, జగదల్పూర్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, తెల్లారి బస్సు దాకా ఇవే నీళ్ళు మానకుండా పడుతూ ఉండండి అంది. పెదనాన్న తల వంచుకుని ముక్కుపొడి డబ్బా తీశాడు. ముక్కుపొడి పీల్చాడు. నాకు ఆ ఇంట్లో అన్నింటికంటే అసహ్యమైనది ఏదని అడిగితే ఆ ముక్కుపొడి పీల్చడమే చెబుతాను.

తెర వెనక అమ్మ అంతా వింది. మా ఇంటి కోడళ్ళు గిరాకీ ఉండగా దుకాణంలోకి రారు. వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. అమ్మ తెర తీసుకుని వచ్చింది. పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టి, తాత ముందున్న పాత్ర అందుకుని, కుండలో నుంచి నీళ్ళు నింపింది. నర్సు సంచీలో గీతలున్న ఖాళీ సెలైన్ సీసాలు ఉండేవి. వాటిలో రెండు తీసి గల్లా బల్ల మీద పెట్టి, పాత్రలో నీళ్ళు వంచింది. మొదటి సీసా అర లీటరు గీత దాకా వచ్చింది. రెండో సీసాలో గీతకు సగం కూడా రాలేదు. పాత్ర బోర్లించి దులిపింది, చుక్క లేదు.

తాత లోపలికి నడువమన్నాడు, దుకాణం నిండా మనుషులున్నారని పళ్ళ మధ్య నుంచి అన్నాడు. అమ్మ కదల్లేదు. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

"ఇది లీటరు కాదని మీకు తెల్సు మామా, నాకు తెల్సు. బావకు తెల్సు. పిల్లగాని ఒంటికి తెల్వదు. దానికేం చెప్తరు?"

నర్సుకు తెలుగు రాకపోయినా సీసాలు చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని, అమ్మను వెంటబెట్టుకుని దవాఖానాకు నడిచింది. దుకాణంలో ఎవరూ అరవలేదు, కొట్లాడలేదు. నూనెకు వచ్చిన దొర్ల ముసలమ్మ ఒకావిడ తన సీసాను పైకెత్తి వెలుగులో కాసేపు చూసుకుంది. తరవాత దాన్ని అట్లాగే బల్ల మీద పెట్టేసి, కొనుక్కున్నది వదిలేసి, చింతపండు గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనక ఒక్కొక్కరే వెళ్ళారు. తిట్టి ఉంటే తాతకు తేలికయ్యేది.

శ్రీను దవాఖానాలో మెల్లగా తేరుకున్నాడు. నర్సు నీళ్ళు తన లెక్కన కలిపి, గంట గంటకూ దగ్గరుండి చూసుకుంది. ఒళ్ళు చల్లబడింది, దాహం తీరింది, వాడు మొదటిసారి పాలకు నోరు తెరిచినప్పుడు అమ్మ గోడకానుకుని కూర్చుని అక్కడే నిద్రపోయింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఇంటికొచ్చాక తాత ఆమెతో మాట్లాడటం మానేశాడు. పోయేదాకా మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే తిన్నాడు, ఆమె కాళ్ళు ఒత్తితే ఒత్తించుకున్నాడు, మాట మాత్రం లేదు.

ఇంక ఆ పాత్రల సంగతి. ఇంత జరిగాక వాటిని విరగ్గొట్టి ఉంటారని మీరు అనుకుంటే, మా వాళ్ళు మీకు ఇంకా అర్థం కాలేదు. కొద్ది రోజులకే తాత వరంగల్ నుంచి కొత్త ఇత్తడి లీటరు తెప్పించాడు. చుక్క తేడా లేని అసలు లీటరు. దాన్ని నా చేతికిచ్చి వంటింట్లో మీ అమ్మకిచ్చి రమ్మన్నాడు. "అది ఇంట్లకు. మందుకు గిందుకు దాంతోనే కొలువుండ్రి. దుకాణంలది దుకాణంలనే ఉంటది" అన్నాడు. ఇదీ మా ఇల్లు నేర్చుకున్న పాఠం. నిజమైన కొలత ఒకటి ఉండాలి, అది మన కోసం ఉండాలి. బయటివాళ్ళకు పాతదే. థూ! అమ్మ ఆ ఇత్తడి లీటరును ఒక్కసారి కూడా వాడలేదు. పాలు, నూనె, నీళ్ళు అన్నీ చెంబుతో, చేత్తో, కళ్ళతో కొలుచుకుంది. అటక మీద అది పచ్చగా చిలుము పట్టింది.

ఇప్పుడు ఆ దుకాణం లేదు. దాని చోట శ్రీను గోదాం ఉంది. ఇప్పపువ్వు, చింతపండు, వడ్లు, మద్దేడ్ దాకా ఉన్న ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో వస్తాయి. సుత్తితో అడుగులు కొట్టించే మొరటు కాలం పోయింది. కరెంటు కాంటా ఉంది, ఎర్ర అంకెలు మెరుస్తాయి. ఆ అంకెలు శ్రీను వైపు తిరిగి ఉంటాయి, తెచ్చినవాడి వైపు కాదు. వచ్చిన బరువులో నుంచి తేమ అని కొంత, సంచి అని కొంత, తరుగు అని ఇంకొంత కొట్టేస్తాడు. తడిసిన సరుకుకూ ఎండిన సరుకుకూ ఒకటే తేమ. వాడికి షుగరు. వంటింట్లో చిన్న కాంటా పెట్టుకుని, కొర్రపిండిని గ్రాము తేడా లేకుండా తూచుకుని తింటాడు. ఆ కాంటాలో తేమా లేదు, తరుగూ లేదు. సంవత్సరీకం పొద్దున నేను రెండూ చూశాను. కూతురు యూనిట్ లేకుండా లెక్క చేసిందని ఆ పిల్లను కసిరాను గానీ, ఆ పిల్ల ఏ ఇంట్లో పెరుగుతోందో నాకు తెలియనిదా?

అందుకే భోజనాల దగ్గర ఊరుకోలేకపోయాను. వచ్చినవాళ్ళంతా వింటుండగానే, నిన్ను బతికించింది తాత కాదురా, అమ్మ, అని మొదలుపెట్టి సీసాల దాకా అంతా చెప్పాను. మేఘన నోరు తెరుచుకుని వింది. కొందరు తల దించుకుని తిన్నారు. మనిషి ప్రాణం మీదికి వచ్చాక కూడా మీకు బుద్ధి రాలేదు, ఇంకా అదే కాంటా, అదే తరుగు, నిన్ను చూస్తే రోతగా ఉందని కూడా అన్నాను. ఆ మాట అనడానికే అన్నేళ్ళు ఆగానేమో అనిపించింది. కొట్లాడతాడనుకున్నాను. శ్రీను నెయ్యి గిన్నె కింద పెట్టి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. వాడికి కోపం రాలేదు. మెల్లగా, ప్రేమగానే అన్నాడు.

"అమ్మ నన్ను బతికిచ్చింది, కాదంటలేనక్కా. అయితే ఒక్కటి చెప్పు. నువ్వు జగదల్పూర్ల హాస్టల్ల ఉండి అంత చదువు చదివినవు గద, ఫీజులు ఏ లీటరుతోని కట్టిండ్రు?"

బీజగణితం, క్షేత్రగణితం, ఆ హాస్టల్ మంచం, వేసుకున్న బట్ట, తిన్న అన్నం, యూనిట్ రాయని పిల్లల మీద విసిరిన నా కేకలు, అన్నీ ఆ దొర్ల ముసలమ్మలాంటి వాళ్ళ సీసాలలో నిండని భాగమే. అంతవరకూ నా రోత అంతా తాత మీద, పెదనాన్న మీద, ఎదురుగా కూర్చున్న తమ్ముడి మీద. ఆ క్షణాన అది తిరిగి వచ్చి నా ఒంటి మీద పడింది. ఈ ఎముకలూ ఈ కండా దేనితో పెరిగాయో నా ఒంటికీ తెలియదు. శ్రీను ఇంకో ముద్ద తినక్కా అంటూ నెయ్యి వేశాడు, నేను తిన్నాను.